కొయ్యచేపకు రంగు వేసే ముందు పైపూత తేల్చుకోండి

గాలానికి ఎరగా కట్టడానికి నాలుగు సాయంత్రాలు కూర్చుని చెక్కిన పరిగచేప అది. వేలెడంత పొడవు. కొండపల్లి నుంచి తెచ్చుకున్న తెల్లపొణికి కర్ర ముక్క. వీపుకు ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, పక్కలకు వెండి రంగు, తోక మొదట్లో గుండ్రటి నల్లచుక్క. అన్నీ ఎనామిల్‌తోనే వేశాను. రెండు రోజులు ఆరనిచ్చి, మెరుపు కోసం పైన స్ప్రే డబ్బాతో క్లియర్ లాకరు కొట్టాను. కాఫీ తాగి వచ్చేసరికి, కాచిన పాల మీద మీగడను వేలితో నెట్టినట్టు చేప ఒళ్ళంతా ముడుచుకుపోయి ఉంది.

దాన్ని జేబులో వేసుకుని ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేసే ఒక షెడ్డుకు వెళ్ళాను. అక్కడి మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు. "ఎనామిల్ మీద లాకరులోని తిన్నరు పడితే ఊరుకుంటుందా బాబూ? పైన ఏం కొట్టాలో ముందు అనుకుని, దాన్నిబట్టి కింద రంగు వేసుకోవాలి. బండికైనా అంతే, నీ బొమ్మచేపకైనా అంతే" అన్నారు.

చేత్తో లూర్లు, అంటే గాలానికి కట్టే ఇలాంటి బొమ్మచేపలు, చేసుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఏ రంగు కొనాలని. అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న పైపూత. నీళ్ళలో రాళ్ళకు, బ్యారేజీ గేటు గోడలకు తగిలేదీ, కొరమీను పళ్ళకు చిక్కేదీ పైపూతే. అది నిలిస్తే కింద పది రూపాయల రంగు కూడా నిలుస్తుంది. అది పోతే ఎంత ఖరీదైన రంగైనా రెండు పూటల్లో పెచ్చులు లేస్తుంది. అందుకే ఈ పోలికను బయటి పొర దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళతాను.

నాలుగు పైపూతలు

గోళ్ళరంగు అందరి ఇళ్ళలో ఉండేదే. రంగులేని గోళ్ళరంగు మూడు పూతలు వేస్తే ఆ సాయంత్రానికే లూర్ నీళ్ళలోకి దిగుతుంది. దాని గొప్పతనం అంతవరకే. పొర పలచన, ఒక్క రాయికి తగిలితే అంచు లేస్తుంది, అక్కడి నుంచి నీరు చెక్కలోకి దిగుతుంది. పైగా దానిలోని ద్రావకం మార్కర్ పెన్ను గీతలను కరిగించి పూసేస్తుంది. మార్కర్‌తో అందంగా గీసిన చారలు నా కళ్ళముందే నీలిమందు నీళ్ళలా కారిపోయాయి. ఆకారం నీళ్ళలో ఎలా ఈదుతుందో చూడటానికి చేసే నమూనాలకు వాడండి, అంతకు మించి వద్దు.

రెండు గొట్టాలుగా వచ్చి, కలిపితే గట్టిపడే ఎపాక్సీ అసలైన పోటీదారు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే వాటిలో ఐదు నిమిషాల్లో గట్టిపడేవి ఒక రకం, రాత్రంతా ఆరేవి ఇంకో రకం. మన బెజవాడలో ఈ రెండింటి మధ్య ఎంపికను ఎండే నిర్ణయిస్తుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఈ రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఐదు నిమిషాల ఎపాక్సీని మే నెల మధ్యాహ్నం కలిపితే బ్రష్ లూర్ తోక దాకా వెళ్ళకముందే తీగలు సాగుతుంది. చిన్న గిన్నెలో కుప్పగా కలిపితే ఇంకా త్వరగా, ఎందుకంటే తన వేడి తనలోనే నిలుస్తుంది. వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి కలపండి, కాస్త సమయం మిగులుతుంది. వేసవిలో నేను నెమ్మది రకమే వాడతాను, అదీ తెల్లవారుజామున.

త్వరగా ఆరాలని హార్డెనర్, అంటే గట్టిపరిచే రెండో గొట్టంలోది, ఎక్కువ పోసేవాళ్ళున్నారు. ఎపాక్సీ అలా పనిచేయదు. చెప్పిన పాళ్ళు తప్పితే మిగిలిన భాగం ఎప్పటికీ జిగురుగానే ఉండిపోతుంది. మందుల షాపులో రెండు సిరంజిలు కొనుక్కుని కొలవండి.

నెమ్మది రకంతో ఒక చిక్కుంది. కదలకుండా వేలాడదీస్తే పూత అంతా కిందికి దిగి చేప గడ్డం కింద బొట్టుగా గడ్డకడుతుంది. తిప్పుతూ ఉండాలి. పాత మైక్రోవేవ్‌లో గాజుపళ్ళెం తిప్పే మోటారు ఇందుకు సరిగ్గా సరిపోతుంది. నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది, విడిభాగాల దుకాణాల్లో చవకగా దొరుకుతుంది. వాటిలో ఇంటి కరెంటు మీద నేరుగా నడిచేవీ ఉంటాయి కాబట్టి వైర్లు కలపడం తెలిసినవాళ్ళతో చేయించుకోండి. వానాకాలంలో ఇంకో బెడద. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆరిన ఎపాక్సీ మీద మైనం రాసినట్టు జిడ్డుపొర వస్తుంది. సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, ఆ తర్వాతే రెండో పూత వేయాలి. లేకపోతే రెండో పూత మొదటిదాన్ని పట్టుకోదు. ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే ఎపాక్సీ పసుపెక్కుతుంది కూడా. నా దగ్గర అంత కాలం ఏ లూరూ బతకదు కాబట్టి దాని గురించి నాకు బెంగలేదు.

కార్లకు రెండు భాగాలు కలిపి కొట్టే 2కే క్లియర్ అన్నిటికంటే సన్నటి, గట్టి, తేటయిన పూత. పసుపెక్కదు, బరువు పెంచదు. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు చేసే హాని చిన్నది కాదు. మూతికి కట్టుకునే గుడ్డ, దుమ్ము మాస్కు వాటిని ఆపలేవు. ఇంట్లో, బాల్కనీలో ఈ పని చేయవద్దని నేను గట్టిగా చెబుతాను. దీనికి బెజవాడలో మంచి దారి ఒకటుంది. పది లూర్లను ఒక ఇనుప తీగకు వరసగా కట్టి షెడ్డుకు తీసుకెళ్ళండి. మేస్త్రి ఏదో బండికి క్లియర్ కొట్టడం ముగించాక స్ప్రే తుపాకీ అడుగున కొంచెం మిగులుతుంది. అటొకటి, ఇటొకటి రెండు విసుర్లు చాలు. నాకు ఇప్పటిదాకా అయిన ఖర్చు టీలు, ఒకసారి అరకిలో బొబ్బట్లు.

ఎండలో గట్టిపడే యూవీ రెజిన్ నాలుగోది. రెజిన్ నగలు చేసేవాళ్ళ కోసం అమ్ముతున్నారు. మన ఎండకు నిమిషాల్లో రాయవుతుంది, మోటారు తిప్పాల్సిన పని లేదు, యూవీ దీపం కొనక్కర్లేదు. సీసాను మాత్రం నీడలో విప్పి నీడలోనే పూయండి. పలచగా రెండు మూడు పూతలు వేయాలి. మందంగా వేస్తే పైన గట్టిపడి లోపల మెత్తగా ఉంటుంది. ఆరని రెజిన్ చర్మానికి పడదు, చేతి తొడుగులు తప్పనిసరి. గోడకు తగిలినప్పుడు ఎపాక్సీ కంటే ఇదే త్వరగా పగులుతుందని నా అనుభవం.

వీటిలో ఒకటే చెప్పమంటే నెమ్మది ఎపాక్సీ. షెడ్డు పరిచయం ఉంటే 2కే. మూడోదాని కోసం వెతకవద్దు.

ఇక రంగులు

పైపూత తేలింది కాబట్టి రంగు ఎంపిక ఇప్పుడు చాలావరకు దానంతటదే తేలిపోతుంది. పైన చెప్పిన నాలుగింటికీ కింద ఇబ్బంది లేకుండా ఒదిగేది నీటితో కలిపే అక్రిలిక్ రంగు ఒక్కటే. బాగా ఆరాలి, అంతే షరతు. ఎనామిల్ తలుపులకు, గేట్లకు మంచిది. దాని మీద తిన్నరు ఉన్న ఏ పూత పడినా ముడత ఖాయం. నా పరిగే సాక్ష్యం. స్ప్రే డబ్బా లాకర్లు కింద వాడవచ్చు, కానీ ఒకే రంగు పెద్ద ముక్కగా కావాలంటేనే. సన్నని పని వాటితో కుదరదు.

రంగుకు ముందు చెక్క. తెల్లపొణికి తేలిక, మెత్తన, చాకుకు వెన్నలా లొంగుతుంది. అదే దాని బలహీనత. నీళ్ళు తాగుతుంది, పంటిగాటు పడుతుంది. కొండపల్లి బొమ్మలవాళ్ళు చెక్కను ముందు సెగకు ఆరబెట్టి తేమ పోగొడతారు, చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేస్తారు, రంగుకు ముందు సున్నం పూస్తారు. ఆ వరసలో మొదటిదీ చివరిదీ మనకు పనికొస్తాయి. చెక్క ఆరాలి, తెల్లటి అడుగు ఉండాలి. మక్కు మాత్రం అలమారలో ఉండే బొమ్మకు తగినది, నీళ్ళలో నానే చేపకు కాదు. నేను కలప దుకాణంలో దొరికే, చెక్క రంధ్రాలు మూసే సాండింగ్ సీలరు రెండు సార్లు పూసి, దాని మీద తెల్ల ప్రైమరు వేస్తాను. పలచటి రంగులు తెలుపు మీదే వెలుగుతాయి, కర్ర రంగు మీద చచ్చిపోతాయి. మామూలు తెల్ల జిగురును సీలరుగా వాడవద్దు, నీళ్ళలో తెల్లబారి మెత్తబడుతుంది.

ఈ దశలో కొక్కేలు తగిలించి ఒకసారి బకెట్లో వేసి చూడండి. పక్కకు ఒరిగితే ఇప్పుడే సరిచేసుకోవాలి. రంగు వేశాక బాధపడి లాభం లేదు.

బ్రష్షా, ఎయిర్‌బ్రష్షా అన్నది చాలామందిని వేధించే ప్రశ్న. ఎయిర్‌బ్రష్ అంటే గాలితో రంగును సన్నగా చిమ్మే పరికరం. ఎయిర్‌బ్రష్ ఇచ్చేది బ్రష్షు ఇవ్వలేనిది ఒక్కటే: నల్లటి వీపు నుంచి తెల్లటి పొట్ట దాకా గీత కనపడకుండా జారే రంగు. నిజమైన చేపపిల్లకు ఉండేది అదే. పై నుంచి చూసే కొంగకు వీపు నీటి అడుగులో కలిసిపోతుంది, కింద నుంచి చూసే వాలుగకు పొట్ట ఆకాశంలో కలిసిపోతుంది. ఆ జారుడు కావాలంటే 0.3 మిల్లీమీటర్ల సూది ఉన్న ఎయిర్‌బ్రష్, 20 పీఎస్ఐ దరిదాపుల్లో ఒత్తిడితో గాలి ఇచ్చే చిన్న కంప్రెసరు, పాలంత పలచగా కలిపిన రంగు ఉండాలి. వేసవిలో రంగు సూది కొసనే ఎండి మూసుకుపోతుంది. రంగు మార్చిన ప్రతిసారీ కడగాలి. పది నిమిషాలు రంగు, పదిహేను నిమిషాలు కడుగుడు. నెలకు రెండు లూర్లు చేసేవాళ్ళు దీన్ని కొంటే రెండో నెల నుంచి అది అటక మీద ఉంటుంది.

బ్రష్షుతో ఆ జారుడుకు దగ్గరగా వెళ్ళే ఉపాయం స్పాంజి. గిన్నెలు తోమే స్పాంజిని గోరంత కత్తిరించి, రంగులో ముంచి, పాత కాగితం మీద అద్ది తడి దాదాపు పోయాక, వీపు నుంచి పక్కలకు తేలిగ్గా తడుతూ రావాలి. దూరం నుంచి చూస్తే ఎయిర్‌బ్రష్ పనికి తీసిపోదు.

పొలుసుల సంగతి కొంచెం దగ్గర నుంచి చూద్దాం, ఎందుకంటే అందరికీ ముచ్చట అక్కడే. నెట్ చున్నీ ముక్క ఒకటి కావాలి. కూరగాయల మార్కెట్లో వెల్లుల్లి పోసి ఇచ్చే వలసంచి గళ్ళు పెద్దవి, వేలెడంత చేపకు నప్పవు. తెల్ల అడుగు మీద ముత్యపు వెండి రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి. చున్నీ ముక్కను లూర్ చుట్టూ బిగించి పొట్ట కింద బట్టల క్లిప్పులు పెట్టండి. ఎక్కడా ముడత ఉండకూడదు, ముడత ఉన్నచోట పొలుసులు రెండుగా పడతాయి. ఇప్పుడు బూడిద కలిసిన ఆకుపచ్చను ఎయిర్‌బ్రష్‌తోనో, స్పాంజి తడుపుతోనో వీపు సగం మీద మాత్రమే వేయండి. వల దారాలు ఉన్నచోట కింది వెండి మిగులుతుంది, గళ్ళలో పచ్చ పడుతుంది. నిమిషం ఆగి, క్లిప్పులు ఒక్కొక్కటే తీసి, వలను పక్కకు లాగకుండా నిలువుగా పైకెత్తండి. తొందరపడి లాగితే ఆ కొసన ఉన్న తడి రంగు పొలుసులన్నిటినీ అలికేస్తుంది. నా మొదటి ఐదింటిలో మూడు అలా పోయాయి.

ఎయిర్‌బ్రష్ లేనివాళ్ళకు ఇంకా మంచి దారి రేకు. ఏసీ మెకానిక్‌లు పైపులకు అంటించే అల్యూమినియం టేపు ముక్కను ఒక పెద్ద బోల్టు మరల మీద పెట్టి చెంచా వెనకతో రుద్దండి. సన్నటి గీతలు పడతాయి. టేపును అడ్డంగా తిప్పి మళ్ళీ రుద్దితే గళ్ళు పడతాయి. దాన్ని చేప పక్కలకు అంటించి, అంచులు నొక్కి, వీపు మీద మాత్రం రంగు వేయండి. నిజం చేప పొలుసు మెరిసేది రంగుతో కాదు, దానిలోని గ్వానిన్ అనే పదార్థపు స్ఫటికాలు అద్దంలా వెలుగును తిప్పికొట్టడం వల్ల. వెండి రంగు వెండిని నటిస్తుంది, రేకు నిజంగా వెలుగు తిప్పుతుంది. బిర్యానీ పొట్లం రేకు కూడా పనికొస్తుంది కానీ దానికి జిగురు లేదు, అంచులు లేస్తాయి. రేకు మీద పైపూత నెమ్మది ఎపాక్సీయే ఉండాలి, సన్నటి పూత అంచును కప్పలేదు.

ఏ చేపను చేయాలి, ఏ నీటికి

పరిగ చేయండి. మన కాలువల్లో ఎటు చూసినా ఉండేది అదే, దాన్ని తినని వేటచేప లేదు. వెండి ఒళ్ళు, తోక మొదట్లో నల్లచుక్క, కావాలంటే పక్కన పలచటి నారింజ గీత. చుక్కను బ్రష్షుతో దిద్దవద్దు. అగరుబత్తి పుల్ల మొదలును రంగులో ముంచి ఒక్కసారి అద్దితే అచ్చు గుండ్రంగా పడుతుంది.

జెల్లపిల్లను చేసేవాళ్ళు వల జోలికి పోవద్దు. జెల్లకు పొలుసులే ఉండవు. నున్నటి బూడిద ఒళ్ళు, మీసాలు, కొన్ని రకాలకు పక్కల తల నుంచి తోక వైపు సాగే చారలు. ఇంత సులువైన చేపకు పొలుసులు అద్ది పాడుచేసిన లూర్లను నేను చాలా చూశాను. ఎయిర్‌బ్రష్ లేనివారికి ఇది మొదటి ఎంపిక కావాలి, మీసాలకు రెండు నల్లదారాలు చాలు. తిలాపియాపిల్ల అడ్డచారలు కూడా బ్రష్షుకు తేలిక.

నీటి రంగు విషయంలో నా మాట కొందరికి నచ్చదు. ప్రకాశం బ్యారేజీ ఎగువన శీతాకాలంలో నీరు తేటగా నిలిచి ఉన్నప్పుడే ఈ పొలుసుల పనికి విలువ. అప్పుడు చేప దగ్గరకు వచ్చి, పక్కన నడిచి, చూసి కరుస్తుంది. ఆగస్టులో పైనుంచి వరద దిగి బ్యారేజీ 70 గేట్లలో సగం ఎత్తాక బ్యారేజీ కింద, ఏలూరు కాలువలో, బందరు కాలువలో నీరు టీ రంగులో ఉంటుంది. ఆ నీటిలో జానెడు దూరం కనపడదు. అక్కడ పనిచేసేది నకలు కాదు, తేడా. ముదురు వీపు, పసుపో నారింజో పొట్ట, మధ్య లావాటి నల్ల అడ్డచారలు. కొట్లో అమ్మే ఫైర్‌టైగర్ రంగుల లెక్క అదే. అరగంటలో బ్రష్షుతో అయిపోతుంది. వరద నీటి కోసం వల బిగించి పొలుసులు అద్దేవాళ్ళు తమ సంతోషం కోసం అద్దుకుంటున్నారు, అందులో తప్పులేదు, చేపకు మాత్రం అది తెలియదు. ఎరుపు గురించి కూడా ఒక మాట. నీటి లోతులో ముందుగా మాయమయ్యే రంగు ఎరుపే అని చదివి కొందరు మొప్పల దగ్గర ఎర్రచుక్క మానేస్తున్నారు. కాలువ లోతుకు అది వర్తించదు. పెట్టుకోండి.

ఆ వరద నెలల్లోనే నీటి పైన నారింజ రంగు చేపపిల్లల గుంపు సుడులు తిరుగుతూ కనిపిస్తే, కింద తల్లీతండ్రీ కొరమీనులు కాపలా ఉన్నాయన్నమాట. అక్కడ గాలం వేయకుండా పక్కకు జరగండి.

నాగాయలంక వైపు ఉప్పునీటి పాయల్లో పండుగప్ప కోసం వెళ్ళేవాళ్ళది వేరే లెక్క. దాని మొప్ప అంచు చాకులాంటిది, పూతను గీరేస్తుంది. ఎపాక్సీ రెండు పూతలు తప్పవు, ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడగడం తప్పదు.

కళ్ళకు రంగు వద్దు. జాకెట్ల పనికి వాడే కుందన్లు అమ్మే దుకాణంలో నాలుగు మిల్లీమీటర్ల పసుపు రాళ్ళు కొని, మధ్యలో నల్లచుక్క పెట్టి అంటించండి. నిజానికంటే కాస్త పెద్దగా ఉంటేనే మంచిది.

ఎవరికి ఏది అంటే, ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు అక్రిలిక్ ఆరు రంగులు, ఒక సన్న బ్రష్షు, స్పాంజి, ఏసీ టేపు, నెమ్మది ఎపాక్సీ కొనండి. చేసేది జెల్ల లేదా రేకు పరిగ. పది లూర్లు పోగొట్టుకున్నాక కూడా చేయాలనిపిస్తే అప్పుడు ఎయిర్‌బ్రష్ గురించి ఆలోచించండి. బ్యారేజీ రాళ్ళ మధ్య వేసేవాళ్ళకు ఎయిర్‌బ్రష్ అసలే వద్దు, ఆ రాళ్ళు వారానికి రెండు మింగుతాయి. తేట నీళ్ళలో తెల్లవారుజామున ఓపికగా వేసేవాళ్ళకు, చేసిన ప్రతిదీ దాచుకునేవాళ్ళకు ఎయిర్‌బ్రష్, చున్నీ, 2కే.

కొత్త రంగూ కొత్త పూతా కలిపే ముందు ఐస్‌క్రీమ్ పుల్ల మీద రెండూ వేసి, ఆరనిచ్చి, ఒక రాత్రి నీళ్ళ గ్లాసులో ఉంచండి. పొద్దున గోరుతో గీకి చూడండి. అలాగే, పూర్తయిన లూర్లను మెత్తటి రబ్బరు పురుగు ఎరలున్న డబ్బాలో కలిపి పెట్టవద్దు. ఆ రబ్బరులోని నూనె తగిలినచోట రంగు బంకలా కరుగుతుంది. నా పెట్టెలో ఇప్పటికీ ఒక పరిగ ఊదారంగు రబ్బరు పురుగును వీపున మోస్తూ ఉంది, రెండూ విడిపోవు.